రష్డెన్ అండ్ డైమండ్స్ ఫుట్‌బాల్ క్లబ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రీమియర్ లీగ్ కింద రెండు నుంచి నాలుగో స్థాయి దాకా నడిచే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్ పాత పట్టికలు తిరగేస్తే 2001 నుంచి 2006 వరకు ఐదు సీజన్లలో ఒక పేరు కనిపిస్తుంది: రష్డెన్ అండ్ డైమండ్స్. అంతకుముందు ఆ పట్టికల్లో ఈ పేరు లేదు, ఆ తర్వాతా లేదు. 1992లో పుట్టి, 2011లో మూతపడిన క్లబ్ ఇది. ప్రీమియర్ లీగ్ చూస్తూ చూస్తూ కింది లీగ్‌ల మీద ఇష్టం పెంచుకున్న మనవాళ్లు దీని గురించి అవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. అందుకే జవాబులన్నీ ఒకచోట, దశలవారీగా పెట్టాను. ఎక్కడి నుంచి మొదలుపెట్టి చదివినా ఇబ్బంది ఉండదు.

ఒక మాట ముందే చెప్తాను. "డబ్బున్న ఆసామి సరదాగా పెట్టుకున్న క్లబ్, డబ్బు అయిపోగానే పోయింది" అని దీని కథను ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. అది సగం నిజం. మిగతా సగం చెప్పడానికే ఇంత రాశాను.

## పుట్టుక

రష్డెన్ అండ్ డైమండ్స్ ఒక క్లబ్బా, రెండు క్లబ్బులా? ఆ పేరేంటి అలా ఉంది?

రెండు క్లబ్బులు కలిసి ఒకటయ్యాయి. ఒకటి 1889లో పుట్టిన రష్డెన్ టౌన్. రెండోది 1946లో మొదలైన ఇర్త్‌లింగ్‌బరో డైమండ్స్. 1992లో రెంటినీ కలిపేటప్పుడు మొదటి దాని నుంచి ఊరి పేరు, రెండో దాని నుంచి "డైమండ్స్" తీసుకున్నారు. ఫుట్‌బాల్ లీగ్ కన్నా కింద నడిచే సదరన్ లీగ్‌లో రష్డెన్ టౌన్‌కు చోటు ఉంది. ఇర్త్‌లింగ్‌బరో అంతకన్నా కింద, యునైటెడ్ కౌంటీస్ లీగ్‌లో ఆడేది. కొత్త క్లబ్ సదరన్ లీగ్ మిడ్‌ల్యాండ్ డివిజన్‌లో మొదలై, ఇర్త్‌లింగ్‌బరో మైదానం ఉన్న చోటే ఆడింది. అంటే లీగ్‌లో చోటు ఒక ఊరిది, నేల ఇంకో ఊరిది. అభిమానులు మాత్రం పొట్టిగా "డైమండ్స్" అనే పిలిచేవారు.

ఈ ఊళ్లు ఇంగ్లండ్‌లో ఎక్కడున్నాయి?

నార్తాంప్టన్‌షైర్ కౌంటీ తూర్పు భాగంలో, నెన్ నది లోయలో. రెండూ పక్కపక్క ఊళ్లే, మధ్యలో కొద్ది మైళ్ల దూరం. రష్డెన్ జనాభా 30 వేల దరిదాపుల్లో ఉంటుంది, ఇర్త్‌లింగ్‌బరో అందులో మూడో వంతు కూడా ఉండదు. దగ్గర్లోని పెద్ద ఊళ్లు వెల్లింగ్‌బరో, కెటరింగ్, నార్తాంప్టన్.

ఈ ప్రాంతమంతా చెప్పుల, బూట్ల తయారీకి పేరు. నార్తాంప్టన్ టౌన్ జట్టుకు "కాబ్లర్స్" (చెప్పులు కుట్టేవాళ్లు) అనే ముద్దుపేరు అందుకే వచ్చింది. రష్డెన్‌లో తరాల తరబడి కుటుంబాలు బూట్ల ఫ్యాక్టరీల మీదే బతికాయి. క్లబ్ లేవడానికీ పడడానికీ ఈ బూట్లకూ దగ్గరి సంబంధం ఉంది కాబట్టి ఈ విషయం మర్చిపోకూడదు.

మ్యాక్స్ గ్రిగ్స్ ఎవరు? డాక్టర్ మార్టెన్స్ బూట్ల ఓనరేనా?

అవును, ఆయనే. డాక్టర్ మార్టెన్స్ బూటు ఆలోచన జర్మనీలో పుట్టింది. బ్రిటన్‌లో ఆ బూట్లు తయారుచేసే హక్కు కొనుక్కున్నది నార్తాంప్టన్‌షైర్‌లోని వొల్లాస్టన్ గ్రామానికి చెందిన గ్రిగ్స్ కుటుంబం. వాళ్ల మొదటి జత 1960 ఏప్రిల్ 1న ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది. ఆ తేదీని బట్టే దానికి 1460 అని పేరు పెట్టారు. మొదట్లో పోస్ట్‌మెన్, కార్మికులు వేసుకున్న బూటు, తర్వాత సంగీతం, ఫ్యాషన్ కుర్రాళ్ల కాళ్ల మీదికి ఎక్కి ప్రపంచమంతా తిరిగింది.

ఆ కుటుంబ వ్యాపారాన్ని 1990ల్లో నడిపించిన మ్యాక్స్ గ్రిగ్స్ ఈ చుట్టుపక్కలవాడే. ఎక్కడో దూరం నుంచి వచ్చి, లాభం లెక్క చూసుకుని క్లబ్ కొన్న మనిషి కాదు. బూట్లలో సంపాదించినది, ఆ బూట్లు కుట్టిన ఊళ్లలోనే ఫుట్‌బాల్ మీద పెట్టాడు. విలీనం వెనక ప్రోద్బలం ఆయనదే.

రెండు క్లబ్బుల్నీ కలపడం అవసరమా? విడివిడిగా ఉంటే బతికేవి కాదా?

బతికేవేమో గానీ పైకి మాత్రం వెళ్లేవి కావు. ఇంగ్లండ్‌లో లీగ్ మెట్లు ఎక్కాలంటే ఆట ఒక్కటే చాలదు. ప్రతి మెట్టుకూ స్టేడియానికి ఒక కొలమానం ఉంటుంది: ఇన్ని సీట్లు, ఇన్ని గేట్లు, ఇంత లైటింగ్. రష్డెన్ టౌన్ పాత మైదానం హేడెన్ రోడ్ చిన్నది. ఇర్త్‌లింగ్‌బరోలో నది పక్కన విశాలమైన స్థలం ఉంది.

అయినా విలీనం అందరికీ నచ్చిందనుకోవద్దు. వందేళ్లు దాటిన రష్డెన్ టౌన్ పేరు అలా ముగిసిపోవడం పాతతరం వాళ్లకు కష్టంగానే ఉండి ఉంటుంది. పొరుగు ఊరితో పోటీపడి పెరిగినవాళ్లు ఒక్క వేసవిలో అదే ఊరి జట్టుతో కలిసి కేకలు వెయ్యాలంటే మాటలా?

## ఎదుగుదల: 1992 నుంచి 2001 దాకా

చిన్న ఊరికి అంత పెద్ద స్టేడియం ఎందుకు కట్టారు?

నెన్ పార్క్ గురించి విన్నవాళ్లందరూ అడిగే ప్రశ్న ఇది. 6,441 మంది పట్టే స్టేడియం, నాలుగు వైపులా చక్కటి స్టాండ్లు, పక్కనే డైమండ్ సెంటర్ అనే పెద్ద భవనం. పదివేల మంది కూడా లేని ఊళ్లో ఇది అతిగానే కనిపిస్తుంది.

కానీ ఆ రోజుల్లో ఏం జరుగుతోందో చూడండి. ఐదో స్థాయి అయిన కాన్ఫరెన్స్‌లో గెలిచిన జట్టు ఫుట్‌బాల్ లీగ్‌లోకి వెళ్లాలి. 1994లో కిడ్డర్‌మిన్‌స్టర్ హారియర్స్ గెలిచింది. స్టేడియం బాగోలేదని రానివ్వలేదు. 1995లో మాకిల్స్‌ఫీల్డ్ టౌన్ గెలిచింది. మళ్లీ అదే మాట. 1996లో స్టీవెనేజ్ బరో గెలిచింది. దానికీ తలుపు మూసేశారు. వరసగా మూడేళ్లు ఛాంపియన్లు మైదానం కారణంగా ఆగిపోయారు. డైమండ్స్ ముందు స్టేడియం కట్టుకుని, తర్వాత జట్టును ఎక్కించడం ఈ దృష్టితో చూస్తే తెలివైన పనే. ఆ స్టేడియాన్ని నడిపే రోజువారీ ఖర్చు ఎవరు, ఎన్నాళ్లు భరిస్తారన్న ప్రశ్నకు మాత్రం అప్పట్లో ఒక్కటే సమాధానం ఉంది: గ్రిగ్స్.

పుట్టిన తొమ్మిదేళ్లకే ఫుట్‌బాల్ లీగ్‌కు ఎలా చేరింది?

1993-94లో సదరన్ లీగ్ మిడ్‌ల్యాండ్ డివిజన్ గెలిచింది. 1995-96లో అదే లీగ్ ప్రీమియర్ డివిజన్ గెలిచి కాన్ఫరెన్స్‌లోకి వచ్చింది. ఈ దశలో మేనేజర్ రోజర్ ఆష్బీ.

అక్కడి నుంచి పైకి ఎక్కడం నిజంగా కష్టం. ఎందుకంటే అప్పట్లో కాన్ఫరెన్స్ నుంచి ఏడాదికి ఒక్క జట్టే పైకి వెళ్లేది. ప్లే-ఆఫ్‌లు (పైకి వెళ్లే ఆఖరి చోటు కోసం ఛాంపియన్ తర్వాతి జట్లు ఆడుకునే మ్యాచ్‌లు) లేవు, రెండో స్థానానికి విలువ లేదు. 1998-99లో డైమండ్స్ నాలుగో స్థానంలో ఆగింది. 1999-2000లో కిడ్డర్‌మిన్‌స్టర్ వెనక రెండో స్థానం. 2000-01లో యోవిల్ టౌన్‌ను వెనక్కి నెట్టి, 86 పాయింట్లతో ఛాంపియన్ అయ్యింది. కాన్ఫరెన్స్‌లో ఐదు సీజన్లు పట్టాయంటే, డబ్బున్నంత మాత్రాన టైటిల్ నడిచి రాలేదని అర్థం.

బ్రయన్ టాల్బట్ ఎవరు? అంత గొప్పగా చెప్తారెందుకు?

ఆటగాడిగా ఆయనకు ఒక అరుదైన ఘనత ఉంది. 1978లో ఇప్స్విచ్ టౌన్‌తో ఎఫ్‌ఏ కప్ (చిన్నా పెద్దా క్లబ్బులన్నీ ఆడే నాకౌట్ పోటీ) గెలిచాడు, 1979లో ఆర్సెనల్‌తో మళ్లీ అదే కప్ గెలిచాడు. వరసగా రెండేళ్లు, రెండు వేర్వేరు క్లబ్బులతో.

డైమండ్స్ మేనేజర్‌గా ఆయన జట్టును కాన్ఫరెన్స్ నుంచి మూడో స్థాయి దాకా తీసుకెళ్లాడు. 2004 మార్చిలో ఓల్డ్‌హమ్ అథ్లెటిక్‌కు వెళ్లిపోయాడు. క్లబ్ బాగున్న రోజులు, ఆయన ఉన్న రోజులు దాదాపు ఒకటే. అభిమానులు ఆయన పేరు అంత ఆప్యాయంగా తలచుకోవడంలో ఆశ్చర్యం లేదు.

లీడ్స్ యునైటెడ్‌ను ఓడించిందంటారు, నిజమేనా?

ఓడించలేదు, ఆపింది. 1999 జనవరి 2న ఎఫ్‌ఏ కప్ మూడో రౌండ్. డేవిడ్ ఓ'లియరీ నడిపిస్తున్న లీడ్స్ ఆ సీజన్ చివరికి ప్రీమియర్ లీగ్‌లో నాలుగో స్థానంలో నిలిచిన జట్టు. ఐదో స్థాయి డైమండ్స్ నెన్ పార్క్‌లో ఆ జట్టుతో 0-0 డ్రా చేసుకుంది. ఆ రోజు స్టేడియం కిక్కిరిసిపోయింది, ఒకట్రెండు వరసలు కూడా ఖాళీ లేవు.

డ్రా అయితే అప్పట్లో రీప్లే ఆడేవారు. లీడ్స్ సొంత మైదానం ఎల్లండ్ రోడ్‌లో జరిగిన ఆ రీప్లేలో ముందు గోల్ కొట్టింది డైమండ్సే. చివరికి 3-1తో లీడ్స్ గెలిచింది. ఓడిపోయారు, నిజమే. కానీ ఏడేళ్ల కిందట ఉనికిలోనే లేని క్లబ్, ఎల్లండ్ రోడ్‌లో ఆధిక్యంలో ఉన్న ఆ కాసేపటిని రష్డెన్ జనం ఇప్పటికీ పండగలా చెప్పుకుంటారు. చెప్పుకోవాలి కూడా.

వెస్ట్ హామ్ షర్టు మీద ఉన్న డాక్టర్ మార్టెన్స్‌కూ ఈ క్లబ్‌కూ సంబంధం ఉందా?

కంపెనీ ఒక్కటే. 1998 నుంచి 2003 వరకు వెస్ట్ హామ్ యునైటెడ్ షర్టు మీద డాక్టర్ మార్టెన్స్ పేరు ఉండేది. సదరన్ లీగ్‌కు కూడా 1996 నుంచి కొన్నేళ్లు అదే కంపెనీ స్పాన్సర్. వెస్ట్ హామ్‌తో ఉన్నది ప్రకటనల ఒప్పందం; డైమండ్స్‌తో ఉన్నది యాజమాన్యం. క్లబ్బుల మధ్య వేరే బంధమేమీ లేదు.

## లీగ్ రోజులు: 2001 నుంచి 2006 దాకా

ఫుట్‌బాల్ లీగ్‌లో ఆడిన ఐదేళ్లూ ఎలా గడిచాయి?

రెండేళ్లు పైకి, మూడేళ్లు కిందికి.

2001-02లో మూడో డివిజన్‌లో, అంటే నాలుగో స్థాయిలో, అడుగుపెట్టిన తొలి ఏడాదే ఆరో స్థానం. ప్లే-ఆఫ్ సెమీస్‌లో రోచ్‌డేల్‌ను దాటి, కార్డిఫ్‌లోని మిలీనియం స్టేడియంలో ఫైనల్ ఆడింది. చెల్టెనమ్ టౌన్ చేతిలో 3-1తో ఓడింది. 2002-03లో అదే డివిజన్ ఛాంపియన్. 2003-04లో మూడో స్థాయిలో 22వ స్థానంతో వెనక్కి. 2004-05లో లీగ్ టూలో (నాలుగో స్థాయికి కొత్త పేరు) మళ్లీ 22వ స్థానం, చావు తప్పింది. 2005-06లో 45 పాయింట్లతో అట్టడుగున నిలిచి, లీగ్ నుంచే బయటికి.

2003 టైటిల్ ఆఖరి రోజు తేలిందట కదా, ఆ రోజు ఏం జరిగింది?

ఆ సీజన్‌లో చాలా కాలం హార్టెల్‌పూల్ యునైటెడ్ ముందుంది. డైమండ్స్ వెంటపడి, వెంటపడి చివర్లో పట్టుకుంది. మ్యాచ్‌ల షెడ్యూల్ వేసినవాళ్లు తెలిసే చేశారా అన్నట్టు, ఆఖరి మ్యాచ్ ఈ రెండు జట్ల మధ్యే పడింది, అదీ నెన్ పార్క్‌లో. డైమండ్స్‌కు డ్రా చాలు. హార్టెల్‌పూల్ గెలిచి తీరాలి. స్కోరు 1-1. డైమండ్స్ 87 పాయింట్లు, హార్టెల్‌పూల్ 85.

ఆ మధ్యాహ్నం ఎంత టెన్షన్‌గా గడిచిందో ఊహించుకోండి. పట్టుమని పదకొండేళ్లు నిండని క్లబ్ ఇంగ్లండ్ మూడో స్థాయికి చేరింది. అంతకన్నా పైకి అది ఎప్పుడూ వెళ్లలేదు. అదే శిఖరం.

ఈ క్లబ్‌కు ఆడినవాళ్లలో మనకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ప్రపంచ కప్ ఆడిన మనిషే ఉన్నాడు. 1998లో జమైకా జట్టుతో ఫ్రాన్స్ వెళ్లిన పాల్ హాల్, డైమండ్స్ లీగ్ రోజుల్లో ముందు వరస ఆటగాడు. కార్డిఫ్ ఫైనల్‌లో జట్టు కొట్టిన ఒక్క గోల్ అతనిదే. అతనికి తోడు మరో జమైకా ఆటగాడు ఒనాండి లోవ్: ఎత్తరి, బలమైనవాడు, బంతి కాళ్ల దగ్గరుంటే డిఫెండర్లకు చెమటలు పట్టించేవాడు. ఈ ఇద్దరూ కలిసి ఆడుతుంటే చూడటానికే జనం వచ్చేవారు. డ్యువేన్ డార్బీ గోల్స్, గోల్‌పోస్టు ముందు బిల్లీ టర్లీ హడావిడి కూడా ఆ రోజుల జ్ఞాపకాలే.

కుర్రాళ్లలో చెప్పుకోవాల్సినవాడు సిమియన్ జాక్సన్. డైమండ్స్‌లో ఎదిగిన ఈ కెనడా ఫార్వర్డ్, తర్వాత గిల్లింగ్‌హమ్ మీదుగా నార్విచ్ సిటీకి వెళ్లి ప్రీమియర్ లీగ్‌లో ఆడాడు.

జనం వచ్చేవారా, లేక ఖాళీ స్టేడియంలోనే ఆడారా?

వచ్చేవారు. లీగ్‌లో బాగా ఆడిన తొలి సీజన్లలో సగటున 4 వేల మంది పైచిలుకు వచ్చారు. రెండు ఊళ్ల జనాభాతో పోల్చి చూస్తే ఇది గొప్ప సంఖ్య. చాలామంది కుటుంబాలతో, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవారు. "అభిమానులే లేని క్లబ్" అని పొరుగు జట్ల వాళ్లు ఎద్దేవా చేసేవారు గానీ, ఆ మాట తప్పు. అయితే ఆటగాళ్ల జీతాలకు, అంత పెద్ద స్టేడియం నిర్వహణకు ఆ టికెట్ డబ్బు సరిపోయేది కాదు. జట్టు కిందికి జారేకొద్దీ, వచ్చేవాళ్లు సగానికి సగం కన్నా తగ్గిపోయారు.

## పతనం: 2003 నుంచి 2011 దాకా

గ్రిగ్స్ డబ్బు ఆపేశాడా? ఎందుకు?

ఆపక తప్పని పరిస్థితి వచ్చింది. 2000ల మొదట్లో డాక్టర్ మార్టెన్స్ అమ్మకాలు బాగా పడిపోయాయి. కంపెనీ నష్టాల్లోకి వెళ్లింది. 2003లో తయారీని చాలావరకు ఆసియాకు, ముఖ్యంగా చైనాకు తరలించారు. నార్తాంప్టన్‌షైర్‌లో వెయ్యికి పైగా ఉద్యోగాలు పోయాయి.

ఈ క్లబ్ చరిత్రలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టి నిలిపే సంగతి ఇదే. 2003 వసంతంలో నెన్ పార్క్‌లో టైటిల్ సంబరాలు. అదే ఏడాది, అదే లోయలో ఫ్యాక్టరీ తలుపులు మూసుకున్నాయి. స్టాండ్‌లో కూర్చుని చప్పట్లు కొట్టినవాళ్లలో ఆ ఫ్యాక్టరీల్లో పని చేసిన కుటుంబాలూ ఉన్నాయి. క్లబ్‌కు డబ్బు ఎక్కడి నుంచి వచ్చేదో, ఊరికి కూడా చాలావరకు అక్కడి నుంచే వచ్చేది. ఒకేసారి రెండింటికీ ఆధారం పోయింది. యజమాని ఒక్కడు విసుగెత్తి వెళ్లిపోయాడని చెప్తే ఇదంతా కనిపించకుండా పోతుంది.

2003లో ఛాంపియన్ అయిన జట్టు 2006 కల్లా లీగ్ నుంచే ఎలా పోయింది?

ఖర్చు తగ్గించుకోవడం మొదలయ్యాక మంచి ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. లోవ్ కోవెంట్రీ సిటీకి, హాల్ ట్రాన్మియర్ రోవర్స్‌కు. 2004 మార్చిలో టాల్బట్ కూడా వెళ్లాడు. ఆయన తర్వాత వచ్చినవాళ్ల చేతిలో అనుభవం లేని జట్టు, తరిగిపోతున్న బడ్జెట్. ఆ సీజన్ చివరికి దిగజారింది. లీగ్ టూలో రెండేళ్లు పెనుగులాడి, 2006లో కాన్ఫరెన్స్‌కు తిరిగొచ్చింది. పైకి ఎక్కడానికి తొమ్మిదేళ్లు పడితే, దిగడానికి మూడేళ్లు కూడా పట్టలేదు.

గ్రిగ్స్ క్లబ్‌ను అభిమానులకే ఇచ్చేశాడంటారు. అయినా ఎందుకు నిలబడలేదు?

2005లో ఆయన క్లబ్‌ను అభిమానుల ట్రస్టుకు నామమాత్రపు ధరకు అప్పగించాడు. ఇంగ్లండ్‌లో ట్రస్టు అంటే సభ్యత్వ రుసుము కట్టిన అభిమానులు ఒక్కొక్కరికి ఒక్కో ఓటుతో నడుపుకునే సంఘం. ఉద్దేశం మంచిదే. కానీ వాళ్ల చేతికి వచ్చింది కింది లీగ్‌కు తగ్గ చిన్న క్లబ్ కాదు. పెద్ద స్టేడియం, దాని కరెంటు బిల్లులు, మరమ్మతులు, లీగ్ స్థాయి జీతాలు, పైగా అట్టడుగున ఉన్న జట్టు. ఆ భారం టికెట్లతో, చందాలతో తీరేది కాదు.

మరుసటి ఏడాదే, 2006లో, క్లబ్ మళ్లీ ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. అభిమానులు చేతకాక వదిలేశారని అనడం వాళ్లకు అన్యాయం. వాళ్లకు అందిన సమయమే తప్పు సమయం.

2006 నుంచి 2011 దాకా అంతా చీకటేనా? మంచి రోజులు ఏమీ లేవా?

ఉన్నాయి. 2008లో కాన్ఫరెన్స్ లీగ్ కప్ ఫైనల్ ఆడింది. ఆల్డర్‌షాట్ టౌన్‌తో 3-3 అయ్యాక పెనాల్టీల్లో ఓడింది. 2009లో టాటెనమ్ మాజీ డిఫెండర్ జస్టిన్ ఎడిన్‌బరో మేనేజర్‌గా వచ్చాడు. 2009-10లో జట్టు నాలుగో స్థానంలో నిలిచి ప్లే-ఆఫ్ ఆడింది. సెమీస్‌లో ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్ చేతిలో ఆగిపోయింది. ఎడిన్‌బరో తర్వాతి కాలంలో న్యూపోర్ట్ కౌంటీని, లేటన్ ఓరియెంట్‌ను ఫుట్‌బాల్ లీగ్‌లోకి తీసుకెళ్లాడు. 2019లో ఓరియెంట్‌ను గెలిపించిన కొన్ని వారాలకే కన్నుమూశాడు.

తట్టుకోలేని రోజు కూడా ఒకటుంది. 2010 డిసెంబర్‌లో గోల్‌కీపర్ డేల్ రాబర్ట్స్ 24 ఏళ్లకే చనిపోయాడు. అభిమానులు అతన్ని ఎంతో ఇష్టపడేవారు. క్లబ్ చివరి సీజన్ అంతా ఆ దుఃఖంలోనే గడిచింది.

2011లో అసలేం జరిగింది? ఆటలో ఓడి దిగిపోయారా?

లేదు. ఆట వల్ల క్లబ్ పోలేదు. ఆ సీజన్‌లో జట్టు దిగజారే స్థానాల్లో కూడా లేదు.

అప్పులు పేరుకున్నాయి, చెల్లించాల్సినవి చెల్లించలేకపోయారు. తర్వాతి సీజన్ మొత్తం ఆడగలమన్న ఆర్థిక భరోసా లీగ్‌కు చూపించలేకపోయారు. 2011 జూన్ 11న కాన్ఫరెన్స్ వాళ్లు క్లబ్‌ను లీగ్ నుంచి బహిష్కరించారు. ఆడటానికి లీగ్ లేని క్లబ్‌కు ఆదాయం ఎక్కడిది? ఆ వేసవిలోనే రష్డెన్ అండ్ డైమండ్స్ ముగిసిపోయింది. 19 ఏళ్ల ఆయుష్షు.

ఆ ఖాళీ వల్ల, దిగజారాల్సిన సౌత్‌పోర్ట్ జట్టు కాన్ఫరెన్స్‌లోనే ఉండిపోయింది.

మరి తప్పెవరిది?

ఒక్క మనిషి పేరు చెప్పమంటే చెప్పను, ఎందుకంటే అలా చెప్పడం నిజం కాదు. నా అభిప్రాయం ఇది: క్లబ్ ఖర్చుకూ ఊరి స్తోమతకూ మొదటి రోజు నుంచీ పొంతన లేదు. గ్రిగ్స్ ఉన్నన్నాళ్లు ఆ తేడాను ఆయన జేబు పూడ్చింది. మంచి రోజుల్లోనే, అంటే 2001, 2002ల్లోనే, ఆయన లేకుండా నడిచే పద్ధతి ఒకటి ఏర్పాటు చేసుకుని ఉండాల్సింది. లీగ్ కూడా అలాంటి లెక్క అడగలేదు. స్టేడియంలో సీట్లు లెక్కపెట్టి మరీ ఛాంపియన్లను ఆపిన వ్యవస్థ, ఆ క్లబ్ పదేళ్లు బతుకుతుందా అని మాత్రం చూడలేదు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది అదే.

గ్రిగ్స్‌ను తిట్టేవాళ్లను కూడా ఒక్కటి అడుగుతాను. ఆయన రాకపోతే ఎల్లండ్ రోడ్ రాత్రి, కార్డిఫ్ ప్రయాణం, 2003 టైటిల్ ఈ ఊళ్లకు వచ్చేవా?

## ఆ తర్వాత

ఇప్పుడు ఆడుతున్న ఏఎఫ్‌సీ రష్డెన్ అండ్ డైమండ్స్ అదే క్లబ్బా?

చట్టం లెక్కలో కాదు. పాత క్లబ్ మూతపడగానే 2011లో అభిమానులు పెట్టుకున్న కొత్త క్లబ్ ఇది. యాజమాన్యం అభిమానులదే. మొదటి ఏడాది కుర్రాళ్ల జట్టుతో మొదలుపెట్టి, 2012-13లో యునైటెడ్ కౌంటీస్ లీగ్ డివిజన్ వన్‌లో, అంటే పదో స్థాయిలో, పెద్దల జట్టును దింపారు. పాత క్లబ్ ఐదో స్థాయిలో పోయింది; వీళ్లు ఐదు మెట్లు కింద నుంచి ఎక్కడం మొదలుపెట్టారు. 2014-15లో యునైటెడ్ కౌంటీస్ లీగ్ ప్రీమియర్ డివిజన్ గెలిచి సదరన్ లీగ్‌కు చేరారు.

పాత క్లబ్ కప్పులు, రికార్డులు కొత్త క్లబ్ ఖాతాలోకి రావు. కానీ స్టాండ్‌లో నిలబడేవాళ్లు చాలామంది వాళ్లే, పాడే పాటలూ అవే. వాళ్ల మనసులో తెగిందేమీ లేదు.

కొత్త క్లబ్ నెన్ పార్క్‌లోనే ఆడుతోందా?

ఎప్పుడూ ఆడలేదు. పాత క్లబ్ పోయాక ఆ స్టేడియం వాళ్ల చేతికి రాలేదు. మొదట పక్క ఊరు వెల్లింగ్‌బరోలోని డాగ్ అండ్ డక్ మైదానాన్ని పంచుకున్నారు. 2017లో రష్డెన్‌కు, హేడెన్ రోడ్ మైదానానికి వచ్చారు. అది 1992కు ముందు రష్డెన్ టౌన్ ఆడిన చోటు.

నెన్ పార్క్‌లో తర్వాత కెటరింగ్ ఆడిందన్నారు, బద్ధశత్రువులు అక్కడికెలా వచ్చారు?

కెటరింగ్ టౌన్ 1897 నుంచి తన సొంత ఊళ్లోని రాకింగ్‌హమ్ రోడ్‌లో ఆడేది. 2011లో అక్కడి నుంచి బయటికొచ్చి, ఖాళీ అయిన నెన్ పార్క్‌ను అద్దెకు తీసుకుంది. డైమండ్స్ అభిమానులకు ఇది పుండు మీద కారం. తమ క్లబ్ పోయిన కొన్ని వారాలకే, తమ స్టాండ్‌లో కెటరింగ్ వాళ్లు కూర్చున్నారు.

కెటరింగ్‌కూ అది కలిసిరాలేదు. ఆ స్టేడియం ఖర్చు వాళ్లనూ ముంచింది. 2012 చివర్లో కరెంటు కూడా లేని పరిస్థితిలో అక్కడి నుంచి వెళ్లిపోయారు. అదృష్టవశాత్తు ఆ క్లబ్ తేరుకుని ఇప్పటికీ ఆడుతోంది.

నెన్ పార్క్ ఇప్పుడు చూడొచ్చా?

స్టేడియం లేదు. ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉండి, 2017లో కూల్చివేతకు గురైంది. లీగ్ ఫుట్‌బాల్ కోసం కట్టిన అంత చక్కటి మైదానం పాతికేళ్లు కూడా నిలవలేదంటే బాధేస్తుంది.

ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. ఆ ఊరు చూడాలంటే ఎలా వెళ్లాలి?

లండన్ సెయింట్ పాంక్రాస్ నుంచి వెల్లింగ్‌బరోకు రైలు ఉంది, గంట లోపే ప్రయాణం. అక్కడి నుంచి రష్డెన్‌కు బస్సు గానీ టాక్సీ గానీ. రష్డెన్ లేక్స్ అనే షాపింగ్ సెంటర్ చాలామందికి తెలుసు. అది పాత స్టేడియం ఉన్న చోటు కాదు, ఇర్త్‌లింగ్‌బరో వేరు. శనివారం వెళ్తే ముందుగా ఏఎఫ్‌సీ రష్డెన్ అండ్ డైమండ్స్ మ్యాచ్ ఆ రోజు సొంతగడ్డ మీద ఉందో లేదో చూసుకోండి. టికెట్ ధర ప్రీమియర్ లీగ్‌తో పోలిస్తే చాలా తక్కువ. గేటు దగ్గర కూర్చునేవాళ్లు, టీ పోసేవాళ్లు ఎక్కువగా వాలంటీర్లే. పాత క్లబ్ గురించి ఒక్క మాట కదిపితే చాలు, లీడ్స్ మ్యాచ్ నుంచి మొదలుపెట్టి అన్నీ వాళ్లే చెప్తారు.